అత్తగారు చల్లబడటం లేదు

ఆ హోటల్ వంటింట్లో వస్తువులన్నిటికీ చుట్టరికాలున్నాయి. పెద్ద పొయ్యి పేరు బావగారు. ఎప్పుడు భగ్గుమంటాడో ఎవరికీ తెలియదు మరి. పిండి కలిపే యంత్రం పేరు తోడికోడలు. అది తిరిగినంతసేపూ గదిలో దీపాలన్నీ మొహాలు మాడ్చుకుంటాయి. తొట్టి పక్కన ఒదిగి నిలబడే చిన్న ఫ్రిజ్ మరదలు. ఇక వెనకగదిలో గోడకి గోడంత వెడల్పున నిలబడి, పగలూ రాత్రీ గురగురలాడుతూ, తలుపు కాస్త ఎక్కువసేపు తెరిచి ఉంచితే కీచుమని కేకేసే పాత పెద్ద ఫ్రిజ్ ఒకటుంది. దానికి ఏం పేరు పెట్టారో వేరే చెప్పాలా? అత్తగారు.

"అత్తగారి దగ్గర పాలున్నాయేమో చూడు", "అత్తగారి నెత్తిమీద గుడ్ల ట్రే పెట్టాను, తలుపు మెల్లగా తియ్యి" అని వాళ్ళు మాట్లాడుకుంటుంటే కొత్తవాళ్ళు గుడ్లు తేలేసేవారు. అయితే ఈ పేరుకి ఒక నియమం ఉంది. అసలు అత్తగారు, అంటే హోటల్ యజమానురాలు, బయట కౌంటర్లో కూర్చుని ఉంటుంది. ఆవిడ చెప్పుల చప్పుడు వంటింటి వైపు వినబడిందంటే చాలు, ఆ వస్తువు టక్కున 'పెద్ద ఫ్రిజ్' అయిపోవాలి. ఈ నియమాన్ని అందరికంటే భయంగా పాటించేది ఆవిడ కోడలే.

ఆ కోడలు ఈ ఇంటికి కోడలిగా రాలేదు, గుమాస్తాగా వచ్చింది. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి టైలరు, చూపు తగ్గి మిషను మూలన పెట్టేశాడు. చదువు అయ్యీ అవకముందే పని వెతుక్కుంటూ ఈ హోటల్ మెట్లెక్కితే, కౌంటర్లో ఉన్నావిడ కళ్ళజోడు పైనుంచి ఎగాదిగా చూసింది.

"కూడికలు వచ్చా?"

"వచ్చండీ."

"కోపం వస్తుందా?"

"రాదండీ."

"అయితే ఇక్కడ పనికిరావు. సరే, రా, నేర్పిస్తాను" అంది ఆవిడ.

కోపం నేర్పించడం ఆవిడ వల్ల కాలేదు గానీ మిగతావన్నీ నేర్పించింది. సరుకు తెచ్చినవాడి మొహంలోకి చూస్తూ బిల్లు అందుకోవడం, కస్టమరు గొంతు పెంచితే తను తగ్గించడం, సెలవడగడానికి వచ్చినవాడు అబద్ధం ఆడుతున్నా సెలవు ఎప్పుడు ఇవ్వాలో తెలుసుకోవడం. పొద్దున్నే హడావుడిగా పరుగెత్తుకొచ్చిన పిల్లకి జడ సరిగా లేకపోతే, కౌంటరు వెనక స్టూలు మీద కూర్చోబెట్టి తనే దువ్వేది. తల్లి చేతి దువ్వెన ఎలా ఉంటుందో తెలియని ఆ పిల్ల, కొన్నాళ్ళకి కావాలనే జడ సరిగా వేసుకోకుండా రావడం మొదలుపెట్టింది. ఆవిడకి ఆ సంగతి తెలుసు. తెలిసీ దువ్వేది.

ఒకరోజు బిల్లులు చూస్తూ, తల ఎత్తకుండానే ఆవిడ అంది: "నువ్వు వంటింట్లోకి వచ్చినప్పుడల్లా మావాడు కూరలో ఉప్పు రెండోసారి వేస్తున్నాడు. కస్టమర్లు పారిపోతున్నారు. నువ్వు వాణ్ణి చేసుకుంటే హోటల్ నిలబడుతుంది. జీతం మాత్రం ఉండదు."

అదీ పెళ్ళి మాట. ఆ కొడుకు ఇప్పటికీ అదే వంటింట్లో గరిటె పట్టుకుని ఉన్నాడు. వంట చేసేటప్పుడు మాట్లాడడు, మిగతా సమయంలో అసలే మాట్లాడడు. వాళ్ళకి బడికెళ్ళే వయసు కూతురుంది. ఇంట్లో అందరూ దాన్ని చిన్నది అంటారు.

ఇలా చుట్టరికం మారింది గానీ పని మారలేదు. మధ్యాహ్నం రద్దీ తగ్గాక అత్తా కోడలూ వెనకగదిలో ఆ ఫ్రిజ్ గురగురల మధ్య ఎదురెదురుగా కూర్చునేవారు. బల్ల మీద పాలవాడి చీటీ, కూరగాయల చీటీ, గ్యాసు రసీదు, ఎవరికి ఏ పూట డ్యూటీయో రాసిన అట్టముక్క, అన్నీ నూనె మరకలతో ఒకదానికొకటి అంటుకుని ఉండేవి. అత్త చదివేది, కోడలు రాసేది. తేడా వస్తే కోడలు చదివేది, అత్త రాసేది. అప్పటికీ తేడా వస్తే ఇద్దరూ కలిసి మాస్టర్ని తిట్టేవారు. మాస్టరంటే పెద్ద వంటవాడు. తిట్లకి అలవాటు పడి, ఆ వేళకి వెనకగది వైపు వచ్చేవాడే కాదు. లెక్క తేలేసరికి సాయంత్రం రద్దీ మొదలయ్యేది. అందుకని ఒకరు రాస్తుంటే ఒకరు తినేవారు. ఇద్దరూ కలిసి ఒక్కసారి కూడా స్థిమితంగా తిన్న పాపాన పోలేదు.

అత్త మోకాళ్ళు వాచిపోవడం కోడలు గమనించింది. కుర్చీలోంచి లేచేటప్పుడు బల్ల అంచు పట్టుకునేది, పట్టుకున్నట్టు కనబడకుండా. తనని పెంచిన మనిషి తన కళ్ళముందే ఆ చీటీల మధ్య అరిగిపోతోంది. ఇది చూస్తూ ఊరుకోకూడదనుకుంది.

అలా వచ్చింది హోటల్లోకి టాబ్. పలకంత వస్తువు. బిల్లుకి ఫోటో తీస్తే అంకెలు అదే చదువుకుంటుంది. కౌంటర్లో ప్లేటు భోజనానికి బిల్లు కొడితే, స్టోర్లో బియ్యం, నూనె అంత మేరకు తగ్గించుకుంటుంది. ఉల్లిపాయలు అయిపోవస్తే ముందే చెబుతుంది. ఎవరి డ్యూటీ వాళ్ళ ఫోనుకి పంపుతుంది. ఏదైనా పాడైతే నోటితో చెబితే చాలు, రాసుకుని, హోటల్లో అందరి ఫోన్లకీ తెలియజేసి, రిపేరు షాపుకి కూడా కబురు పెడుతుంది.

అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "బాగుందమ్మా. ఇది అలుగుతుందా?"

"అలగదు అత్తయ్యా."

"అదృష్టవంతురాలివి."

వారం తిరక్కుండానే వెనకగది బల్ల మీద చెక్క కనబడింది. అక్కడ అంత మంచి చెక్క ఉందని అందరూ మర్చిపోయారు. కోడలు ఇంకో అడుగు ముందుకేసింది. పొద్దున్నే వెనక తలుపు దగ్గర నిలబడి సరుకు దించుకోవడం ఎప్పటినుంచో అత్త పని. ఆవిడ కాస్త నిద్రపోనీ అని అది కూడా తను తీసుకుంది. "ఇక మీ ఇష్టం వచ్చినప్పుడు రండి అత్తయ్యా" అంది. చీకటితోనే లేచి, చిన్నదాన్ని నిద్రలోనే వదిలేసి వచ్చేది.

తప్పు జరిగింది అలాంటి ఒక పొద్దున్నే. పాడైన వస్తువుల జాబితా ఎక్కించాలని మాస్టర్ని పక్కన నిలబెట్టుకుని ఒక్కొక్కటీ అడుగుతోంది. మాస్టర్ ఉల్లిపాయలు తరుగుతూ చెబుతున్నాడు. అతను చెప్పింది ఆమె టాబ్‌తో అంటోంది. ఇద్దరూ వంటింటి అలవాటులో ఉన్నారు. బావగారి మంట సరిగా లేదన్నాడు, అదే అంది. తోడికోడలికి బెల్టు అరిగిందన్నాడు, అదే అంది. తర్వాత మాస్టర్ పెద్ద ఫ్రిజ్ వైపు కత్తి చూపించాడు. ఆమె అతని మాటే అప్పజెప్పింది. అంతలో బయట పాలవ్యాను హారన్ కొట్టింది. చదివి చూసుకోకుండా 'పంపు' నొక్కేసి పరుగెత్తింది.

యంత్రం తన పని తను శ్రద్ధగా చేసింది. హోటల్లో ఉన్న ప్రతి ఫోనూ టింగుమంది. నిద్ర పట్టక ఆ రోజు పెందలాడే వచ్చి కౌంటర్లో కూర్చున్న అత్త ఫోను కూడా. జాబితా చివర ఇలా ఉంది:

'అత్తగారు. బాగా పాతది. చప్పుడు ఎక్కువ. ఎంత చేసినా చల్లబడటం లేదు. తీసేసి కొత్తది పెట్టాలి.'

వంటింట్లో ముందు ఒకడు కిసుక్కుమన్నాడు. తర్వాత అందరూ పడీ పడీ నవ్వారు. పాల డబ్బాలు దించుకుని లోపలికొచ్చిన కోడలికి ఫోను చూపించారు. చదివి డబ్బాలు అక్కడే వదిలేసింది. కౌంటర్ దగ్గరికి ఎలా వెళ్ళిందో ఆమెకే తెలియదు.

అత్త కళ్ళజోడు తీసి మడిచి డబ్బాలో పెడుతోంది. "మోకాళ్ళు సలుపుతున్నాయమ్మా. ఇంటికెళ్తాను" అని, నడుముకున్న తాళాల గుత్తి తీసి కౌంటర్ మీద పెట్టింది. ఆ గుత్తి ఆవిడ ఒంటిమీంచి దిగడం కోడలు ఎన్నడూ చూడలేదు.

"అత్తయ్యా, అది..."

"రిక్షా వచ్చింది" అని ఆవిడ మెట్లు దిగిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. అత్త కోపం కోడలికి కొత్త కాదు, అదొక వాన, కురిసి వెళ్ళిపోతుంది. ఇప్పుడు ఇంట్లో ఆవిడ మర్యాదగా ఉంది. కాఫీ ఇస్తే "థాంక్సమ్మా" అంది. ఇన్నేళ్ళలో ఆ మాట ఆవిడ నోట రాలేదు. కోడలు వంటగదిలోకి వెళ్ళి చన్నీళ్ళతో మొహం కడుక్కుంది.

"ఫ్రిజ్ గురించి అని అమ్మకి చెప్పెయ్" అన్నాడు మొగుడు. అతని లెక్కలో అది ఉపన్యాసం.

"ఏమని చెప్పను? పాతదనీ, తీసెయ్యాలనీ అన్నది మిమ్మల్ని కాదు అత్తయ్యా, ఫ్రిజ్‌ని. కాకపోతే దానికి మీ పేరు పెట్టుకుని మీ వెనక ఇన్నాళ్ళూ నవ్వుకుంటున్నాం అని చెప్పనా?"

అతను కాసేపు ఆలోచించి, "వద్దులే" అన్నాడు.

అదీ వచ్చిన చిక్కు. ఆ తప్పుకి చెప్పుకోగల సంజాయిషీ ఒక్కటే, అది తప్పుకంటే దారుణంగా ఉంది. చెప్పకపోతే ఆవిడ ఇక హోటల్ మెట్లెక్కదు. చెబితే ఇంట్లో మొహం చూడదు. తల్లి పోయినప్పుడు ఈమెకి ఊహ తెలియదు, ఏడవడం కూడా రాలేదు. ఇప్పుడు ఊహ తెలిసి రెండోసారి పోగొట్టుకుంటున్నానేమో అనిపించింది. అనిపించిందని ఎవరికి చెప్పుకోవాలి? ఇలాంటివి చెప్పుకునేది ఆవిడకే.

యంత్రం మాత్రం ముచ్చటగా పనిచేస్తోంది. మధ్యాహ్నం భోజనాలు అయ్యేసరికి లెక్క తేలిపోతోంది. తేడా లేదు, కొట్టివేతలు లేవు. కోడలు వెనకగదిలో ఖాళీ బల్ల ముందు, ఎదుట ఖాళీ కుర్చీ పెట్టుకుని కూర్చునేది. దొరికిన ఆ తీరికంతా ఏం చేసుకోవాలో తోచేది కాదు. మాస్టర్ ఒకసారి తలుపులోంచి తొంగిచూసి, "ఎవరూ తిట్టకపోతే ఏదోలా ఉందమ్మా" అని వెళ్ళిపోయాడు.

ఇంతలో రిపేరు షాపునుంచి మనిషి వచ్చాడు. భుజాన సంచీ, చేతిలో ఫోను. నేరుగా కౌంటర్ దగ్గర నిలబడి, నిండుగా ఉన్న హాల్లో అందరికీ వినబడేలా అడిగాడు: "అత్తగారికి రిపేరట, ఎక్కడున్నారు? తీసెయ్యాలా, గ్యాసు నింపితే సరిపోతుందా?"

కాఫీ తాగుతున్నవాళ్ళు కప్పులు దించి మరీ నవ్వారు. వంటింట్లో మాస్టర్ పొయ్యి పట్టుకుని నవ్వాడు. మొగుడు కూడా నవ్వాడు. కోడలికి నవ్వు రాలేదు. పదిమంది నోళ్ళలో ఆ మాట అలా నలుగుతుంటే వినలేకపోయింది. అతనికి ఫ్రిజ్ చూపించమని మాస్టర్‌కి చెప్పి, టాబ్ బల్ల మీద పడేసి, చెప్పులేసుకుని ఇంటికి బయల్దేరింది. ఏదైతే అదైంది, చెప్పేద్దాం. చీవాట్లు పెడితే పెడుతుంది.

అత్త ముందుగదిలో నేలమీద కాళ్ళు చాపుకుని, బట్టల అలమరాలోవన్నీ బయట పడేసి మడతలు మారుస్తోంది. ఆ అలమరా ఎప్పుడూ సర్దే ఉంటుంది. ఊసుపోక చేస్తోందని చూడగానే తెలిసిపోతుంది.

కోడలు ఎదురుగా కూలబడి, ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. ఫ్రిజ్ పేరు, మాస్టర్ కత్తి, పాలవ్యాను, అన్నీ. చివరికి, "మిమ్మల్ని ఎవరైనా అలా అంటే నేను ఊరుకుంటానా అత్తయ్యా? తప్పు నాదే. నన్ను తిట్టండి, కొట్టండి, అలా థాంక్స్ మాత్రం చెప్పకండి" అని ఏడ్చేసింది.

అత్త చేతిలో తువ్వాలు మడత పూర్తిచేసి పక్కన పెట్టింది.

"ఫ్రిజ్ అని నాకు తెలీదా? ఆ పేరు పెట్టిందే నేను."

కోడలు ఏడుపు ఆపి నోరు తెరిచింది.

"మా అత్తగారు చనిపోయిన ఏడాదే దాన్ని కొన్నాం. అచ్చం ఆవిడలాగే గురగుర. తలుపు తీస్తే కేక. మీ మావయ్యతో అన్నాను, మీ అమ్మ మళ్ళీ వచ్చిందండీ అని. ఆయన మూడు రోజులు మాట్లాడలేదు. అప్పటి వంటవాళ్ళు విన్నారు, పేరు నిలబడిపోయింది. మీరేమో నేను లోపలికి రాగానే 'పెద్ద ఫ్రిజ్, పెద్ద ఫ్రిజ్' అని తత్తరపడతారు. నవ్వాపుకోలేక నేను వెనక్కి తిరిగి వెళ్ళిపోయేదాన్ని. ఆ మెసేజీ చదివి కూడా నవ్వుకున్నాను."

"మరి... మరెందుకు వచ్చేశారు?"

అత్త ఇంకో తువ్వాలు తీసుకుంది, మడవకుండా ఒళ్ళో పెట్టుకుంది.

"నవ్వుకున్నాక, ఫోను అలా పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. ఆ యంత్రం వచ్చినప్పటినుంచీ అందరి ఫోన్లూ మోగుతున్నాయి. మాస్టర్‌కి ఇది చెయ్యి, మావాడికి అది చెయ్యి. గిన్నెలు కడిగే ఆవిడకి కూడా. నా ఫోను మోగడం అదే మొదటిసారి. గబగబా కళ్ళజోడు పెట్టుకున్నానమ్మా, నాకేదో పని చెప్పారనుకుని. చూస్తే ఫ్రిజ్ గురించి. డ్యూటీల్లో నా పేరు ఎదురుగా నువ్వు ఏమీ రాయలేదు. ఫ్రిజ్‌కైనా మనిషిని పంపించమని రాశావు."

"మీరు సుఖంగా ఉండాలని అత్తయ్యా..."

"తెలుసు. నీ మనసు నాకు తెలీదా? అందుకే నీమీద కోపం కూడా రాలేదు, అదే నా బాధ. 'ఇక మీ ఇష్టం వచ్చినప్పుడు రండి అత్తయ్యా' అన్నావు ఆ వేళ. పనున్న మనిషికి టైము చెబుతారు. ఇష్టం వచ్చినప్పుడు రమ్మని చుట్టాలకి చెబుతారు. నా హోటల్‌కి నేను చుట్టాన్ని అయిపోయాను."

కోడలికి ఆ మాట అంటున్నప్పుడు తను ఎంత ప్రేమగా అందో గుర్తొచ్చింది. దగ్గరికి జరిగి ఆవిడ మోకాలి మీద తల ఆనించబోయి, నొప్పి అని గుర్తొచ్చి ఆగింది. ఆవిడే తల లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది.

"మీరు లేకపోతే నాకు తోచడం లేదు" అంది కోడలు.

"తోచకపోవడం వేరు, పని వేరు. నన్ను ఊరడించడానికి ఉత్తుత్తి పని పుట్టించావంటే మాత్రం చూడు."

"ఉత్తుత్తిది కాదు. పొద్దున్న సరుకు దించుకోవడం నా వల్ల కావడం లేదు అత్తయ్యా. మిమ్మల్ని లేపకూడదని నేను లేస్తున్నాను. చిన్నది లేచి నేను లేనని ఏడుస్తోందట. దానికి జడ వెయ్యక ఎన్ని రోజులైందో. తల దువ్వకుండానే బడికి పోతోంది. చెప్తే మీరు మళ్ళీ మోకాళ్ళ నొప్పితో లేచి వస్తారని చెప్పలేదు."

"అది ఏడుస్తుంటే నేను పక్కగదిలో మెలకువగానే ఉన్నాను, పిచ్చిమొహమా. దువ్వబోతే అమ్మే వెయ్యాలంటుంది, నువ్వు బాధపడతావని చెప్పలేదు. ఒకరికి తెలియకుండా ఒకరం మేలు చేసుకుందామని ఇద్దరం చచ్చిపోతున్నాం." ఆవిడ చెయ్యి కోడలి జుట్టులోకి వెళ్ళి చిక్కులు విడదీయడం మొదలుపెట్టింది. "వెనక తలుపు దగ్గర ఒక కుర్చీ వేయించు. నిలబడలేను గానీ కూర్చుని చూసుకోగలను. ఆ పలకలో ఎక్కడ నొక్కాలో చూపించు, సరుకు అందగానే నొక్కుతాను. మొదట నాలుగు తప్పులు చేస్తాను, ఓర్చుకో."

"నేను చేసినంత పెద్ద తప్పు మీరు చెయ్యలేరు."

అత్త నవ్వింది. ఒళ్ళు కదిలేలా నవ్వింది, ఆ కదలిక కోడలి చెంపకి తగిలింది. నవ్వు ఆగాక ఆవిడ గొంతు సవరించుకుని, కొంచెం బింకంగా అడిగింది.

"రేపు ఎన్నింటికి రమ్మంటావు?"

"మీకు ఎప్పుడు వీలైతే..." అనబోయి కోడలు నాలుక కరుచుకుంది. లేచి కూర్చుని, మొహం తుడుచుకుని, గుమాస్తాకి చెప్పినట్టు చెప్పింది. "ఆరింటికి. పాలవ్యాను సరిగ్గా ఆరింటికి వస్తుంది. ఆలస్యం అయితే కుదరదు."

అత్త తన ఫోను తీసి కోడలి చేతిలో పెట్టింది.

"అలారం ఐదింటికి పెట్టు. తయారవ్వద్దూ? ఉద్యోగానికెళ్ళాలి."

కోడలికి కళ్ళలో నీళ్ళు అడ్డొచ్చి, ఐదు ఎక్కడుందో ఒక పట్టాన కనబడలేదు.